పచ్చ క్యాప్సూల్ వేసుకోవాలా వద్దా: తిరుపతిలో డయాలసిస్ పేషెంట్లకి ఇచ్చిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనకాల వినపడతా ఉందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు నాయనా, మైకులో గాలి సౌండే ఎక్కువ వస్తా ఉంది. ఆ, ఇప్పుడు సరే.

బ్యానర్ మీద పెద్ద పేరు రాయించినారు, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని, విటమిన్ ఈ అని, హీమోడయాలసిస్ అని. ఆ పేరు చూసే కొందరు టిఫిన్ దగ్గరే ఆగిపోయినట్టున్నారు. ఇక్కడ కూర్చున్నోళ్లలో చాలామంది పొద్దున డయాలసిస్ షిఫ్టు ముగించుకుని చేతికి ప్లాస్టర్ తోనే వచ్చినోళ్లు, పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి వచ్చినోళ్లు. 2022లో మన చిత్తూరు జిల్లా మూడు ముక్కలయింది గానీ మీ బస్సు మాత్రం మారలేదు కదా. అందుకని నేను ఆ పెద్ద పేరు పక్కన పెట్టి ఒకటే ప్రశ్న పట్టుకుంటా. మెడికల్ షాపులో దొరికే ఆ పచ్చ క్యాప్సూల్, ఎవియాన్ అంటారే అదీ, అట్లాంటివీ, డయాలసిస్ చేయించుకునేవాళ్లు వేసుకోవాలా వద్దా?

ముందే ఒక మాట. నేను కిడ్నీ డాక్టర్ని కాదు, మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పుకునేవాణ్ణి. మీ మందుల చీటీ మార్చే అధికారం నాకు లేదు, ఈ ఉపన్యాసం విని మీరూ మార్చొద్దు. చీటీలో మీ డాక్టరే రాసుంటే ఆయనకి కారణం ఉంటుంది, పోయి ఎందుకు సార్ అని అడగండి, అంతే.

సరే, ఎంతమంది వేసుకుంటా ఉన్నారు, చెయ్యెత్తండి. చూసినారా, ఇంతమంది. డాక్టర్ రాసినోళ్లు మాత్రం చెయ్యి అట్లే పెట్టండి... ఊఁ. మిగతావాళ్లకి ఎవరు చెప్పినారు? మేనత్త చెప్పింది, ఫోన్లో వీడియో వచ్చింది, షాపాయన ఇది మంచిది తీసుకో అన్నాడు. మొహానికి మంచిదంట, జుట్టుకి మంచిదంట, కిడ్నీకి చెడ్డదెట్లా అవుతుంది అని. విటమినే కదా అనే ధైర్యం ఒకటి. ఆ ధైర్యం గురించే ఈరోజు మాట్లాడదాం.

ముందు ఈ ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఏందో చూద్దాం. మన చిత్తూరు వైపు వాళ్లకి ఈ కెమిస్ట్రీ చెప్పడం సులువు, ఎందుకంటే చెనక్కాయలు తెలియని ఇల్లు లేదు. పోయినేడు వలిచిన పప్పు డబ్బాలో అడుగున మిగిలిపోయి ఉంటుంది, ఎప్పుడో తీసి నోట్లో వేసుకుంటాం, కొరకగానే ఒక రకం చేదు, నాలుక వెనక్కి పట్టేసే కంపు, వెంటనే ఉమ్మేస్తాం. పైకి చూస్తే పప్పు బాగానే ఉంటుంది, పురుగు లేదు, బూజు లేదు. మరి ఏమైంది? లోపల నూనెకి గాలిలోని ఆక్సిజన్ తగిలింది. నూనె అణువుల్లో డబుల్ బాండ్లు అని బలహీనమైన చోట్లు ఉంటాయి, అక్కడ ఒక హైడ్రోజన్ ఊడిపోతే ఆ అణువు ఊరుకోదు, పక్కదాని దగ్గర లాక్కుంటుంది, పక్కది దాని పక్కదాని దగ్గర లాక్కుంటుంది, ఇట్లా గొలుసులాగా పోతానే ఉంటుంది. దీన్నే లిపిడ్ పెరాక్సిడేషన్ అంటాం. మన రక్తంలో జరిగేదాన్ని చెప్పడానికి నేను ఉపమానం ఏదో తెచ్చినానని అనుకోవద్దు, అక్షరాలా అదే రియాక్షన్. మన ఎర్ర రక్తకణం గోడ కూడా అట్లాంటి కొవ్వుతో కట్టిందే, చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే ఎల్‌డీఎల్, దాంట్లో ఉండేదీ అదే. ఈ రియాక్షన్ ఒంట్లో హద్దు మీరి నడవడాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం.

మరి కొత్త చెనక్కాయ పప్పు వెంటనే ఎందుకు చెడిపోదు? దాంట్లోనే విటమిన్ ఈ ఉంటుంది కాబట్టి. విత్తనం మొలకెత్తేదాకా తన నూనెని కాపాడుకోవాలి కదా, అందుకు పెట్టుకున్న కాపలా అది. గొలుసు నడుస్తా ఉంటే మధ్యలో దూరి, నా హైడ్రోజన్ తీసుకో అని ఇచ్చేసి గొలుసు తెంచేస్తుంది. ఇట్లాంటి కాపలావాళ్లనే యాంటీఆక్సిడెంట్లు అంటాం. 1922లో అమెరికాలో బర్క్‌లీలో హెర్బర్ట్ ఇవాన్స్, క్యాథరిన్ బిషప్ అని ఇద్దరు దీన్ని కనిపెట్టినారు, అదీ ఎలుకల్లో గర్భం నిలబడటానికి కావలసిన పదార్థంగా. ఇది నూనెకి కాపలా అనే సంగతి తర్వాత తేలింది. ప్రకృతిలో ఎనిమిది రకాలున్నాయి, నాలుగు టోకోఫెరాల్స్, నాలుగు టోకోట్రైనాల్స్, మన లివర్ మాత్రం ఆల్ఫా టోకోఫెరాల్ అనే ఒక్కదాన్నే ఏరుకుని రక్తంలోకి పంపిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని ఎవరూ వీడియోల్లో చెప్పరు. హైడ్రోజన్ ఇచ్చేసినాక విటమిన్ ఈ తనే సగం చెడిపోయి కూర్చుంటుంది, దాన్ని మళ్లీ పనికొచ్చేట్టు చేసేది విటమిన్ సి. అది అందకపోతే ఆ సగం చెడిన విటమిన్ ఈ కొన్నిసార్లు గొలుసుని తెంచకపోగా ముందుకి నడిపిస్తుంది. ఇప్పుడు మీ సంగతి చూడండి. విటమిన్ సి నీళ్లలో కరుగుతుంది, కాబట్టి ప్రతి డయాలసిస్‌లో కొంత ఫిల్టర్ గుండా బయటికి పోతుంది. విటమిన్ ఈ కొవ్వులో కరిగేది, అది పోదు. అంటే డయాలసిస్‌లో విటమిన్లన్నీ పోతాయి కాబట్టి విటమిన్ ఈ కూడా వేసుకోవాలి అనే మాట తప్పు. చాలామంది డయాలసిస్ పేషెంట్లకి రక్తంలో విటమిన్ ఈ మామూలుగానే ఉంటుంది. అయితే సి ఎక్కువ మింగేస్తే పోలా అని అనుకుంటారేమో, వద్దు, ఎక్కువైన సి ఆక్సలేట్‌గా మారుతుంది, దాన్ని బయటికి పంపాల్సిన కిడ్నీ పనిచేయట్లేదు, అది పోయి కండరాల్లో, గుండెలో పేరుకుంటుంది. రోజుకి 75 నుంచి 90 మిల్లీగ్రాముల లెక్క సరిపోతుంది, షాపులో దొరికే 500 బిళ్ల మీది కాదు.

మరి డయాలసిస్‌లో ఈ ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎందుకు ఎక్కువ? కిడ్నీ చెడిపోవడమే ఒక కారణం, బయటికి పోవాల్సిన విషపదార్థాలు లోపలే ఉండి కణాల్ని రెచ్చగొడతాయి, షుగర్ ఉన్నోళ్లకి ఇంకా ఎక్కువ. దాని మీద డయాలసిస్ తెచ్చేది ఒకటుంది. మీరు పడుకుంటారు, రెండు సూదులు గుచ్చుతారు, ట్యూబులో రక్తం ఎర్రగా పాక్కుంటా పోయి ఫిల్టర్లోకి ఎక్కుతుంది. మీకు తెలియకుండా జరిగేది అక్కడే. రక్తంలో తెల్ల కణాలున్నాయి కదా, సూక్ష్మజీవి కనపడితే కాల్చేయడానికి సూపరాక్సైడ్ లాంటి ఘాటైన పదార్థాలు వదులుతాయి. ఫిల్టర్ గోడ తగలగానే అది కూడా శత్రువే అనుకుని వదిలేస్తాయి. పాతకాలం సెల్యులోజ్ ఫిల్టర్లు వాడినప్పుడైతే మొదటి పావుగంటలోనే రక్తంలో తెల్ల కణాల లెక్క దబ్బున పడిపోయేది, అవి పోయి ఊపిరితిత్తుల్లో అతుక్కునేవి. ఇప్పుడు వాడే పాలీసల్ఫోన్ లాంటి సింథటిక్ ఫిల్టర్లతో ఆ గొడవ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. జపాన్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ఫిల్టర్ లోపలి గోడకే విటమిన్ ఈ పూసి తయారు చేసినారు, రక్తం తగిలే చోటే కాపలా పెడితే సరిపోతుందని. ఆలోచన నాకు చాలా నచ్చింది, రక్తపరీక్షల్లో ఆక్సిడేషన్ గుర్తులు తగ్గినట్టు కూడా చూపించినారు. మనుషులు ఎక్కువ కాలం బతుకుతారా అనేది మాత్రం తేలలేదు.

ఈ గుర్తులు తగ్గడం వేరే, మనిషి బాగుపడటం వేరే. రిపోర్టులో అంకె మారితే చాలు అనుకునే అలవాటు మా ల్యాబు వాళ్లకి కూడా ఉంది, మీకే కాదు.

ఇప్పుడు అసలు క్యాప్సూల్ కథ. 2000 సంవత్సరంలో లాన్సెట్ పత్రికలో ఇజ్రాయెల్ నుంచి ఒక ట్రయల్ వచ్చింది, స్పేస్ అని పేరు. డయాలసిస్‌లో ఉండి, అప్పటికే గుండెజబ్బు, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు 196 మందిని తీసుకున్నారు, 40 నుంచి 75 ఏళ్ల లోపు. 97 మందికి రోజుకి 800 యూనిట్ల విటమిన్ ఈ, 99 మందికి ఉత్తుత్తి మాత్ర. ఏడాదిన్నరకి దగ్గర చూసినారు. గుండెపోటు, పక్షవాతం, కాళ్ల రక్తనాళాల జబ్బు, ఉన్నట్టుండి ముదిరిన గుండెనొప్పి, ఇవన్నీ కలిపి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నోళ్లలో 33 మందికి వచ్చినాయి, విటమిన్ వేసుకున్నోళ్లలో 15 మందికే. సగానికి సగం! ఆ పేపర్ చదివిన ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే అదే పేపర్లో ఇంకో లైన్ ఉంది, చనిపోయినవాళ్ల లెక్కలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా 196 మంది అంటే చిన్న ట్రయల్, ఇంత పెద్ద తేడా చిన్న ట్రయల్లో వస్తే మళ్లీ పెద్దగా చేసి చూడాలి. అదే మందు, అదే డోసు, అట్లాంటి పేషెంట్లే ఎక్కువ మందితో చేసిన ట్రయల్ ఆ తర్వాత రాలేదు. నాకు చిరాకు తెప్పించేది ఇదే, ఇంత చవకైన మాత్ర మీద డబ్బు పెట్టి ట్రయల్ చేసేదానికి కంపెనీకి ఏం ఆశ ఉంటుంది చెప్పండి.

అదే ఏడాది హోప్ అని ఇంకోటి వచ్చింది, 9,541 మందితో, రోజుకి 400 యూనిట్లు, నాలుగేళ్లకి పైన. వాళ్లు డయాలసిస్ వాళ్లు కాదు, గుండెజబ్బు రిస్కు ఉన్న పెద్దవయసు వాళ్లు. విటమిన్ ఈ వల్ల ఏ లాభమూ కనపడలా. వాళ్లలో కిడ్నీ కొంచెం దెబ్బతిన్నోళ్లని విడిగా తీసి చూసినా అంతే. ఇంకా కొన్నేళ్లు కొనసాగించి 2005లో చెప్పిందేమంటే, విటమిన్ వేసుకున్నోళ్లలో హార్ట్ ఫెయిల్యూర్ కొంచెం ఎక్కువగా వచ్చింది. 2011లో సెలెక్ట్ అనే ట్రయల్లో, 35 వేలకి పైగా మగవాళ్ల మీద చూస్తే, రోజుకి 400 యూనిట్లు వేసుకున్నోళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. విటమినే కదా అనే ధైర్యం ఇక్కడ వదులుకోవాలి.

మళ్లీ డయాలసిస్ వాళ్ల దగ్గరికే వస్తే, 2014లో అమెరికాలో 353 మందికి ఆరు నెలలు ఇచ్చి చూసినారు, ఈసారి ఒక్క ఆల్ఫా కాకుండా రకరకాల టోకోఫెరాల్స్ కలిపి 666 యూనిట్లు, దానికి తోడు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ అనే ఇంకో యాంటీఆక్సిడెంట్ 600 మిల్లీగ్రాములు. ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు తగ్గలా, ఆక్సిడేషన్ గుర్తులూ తగ్గలా. రిపోర్టులో అంకె కూడా మారలేదన్నమాట. అమెరికా కిడ్నీ ఫౌండేషన్ వాళ్ల 2020 పోషకాహార గైడ్‌లైన్ ఏమంటుందంటే డయాలసిస్ పేషెంట్లకి విటమిన్ ఏ, విటమిన్ ఈ మామూలుగా అందరికీ రాయొద్దు, పేరుకుపోయి హాని చేయొచ్చు, అవసరమై ఇస్తే డోసు చూసి, గమనిస్తా ఇవ్వాలని. నా మాట కూడా అదే, ఈ స్పేస్ ట్రయల్ చదివి ఎంత ఆశ కలిగినా సరే.

(ముందు వరసలో ఒకాయన: సార్, మంచి జరక్కపోయినా చెడు ఏమి జరగతాది?)

పెద్దాయనా, మీ ఫిస్టులా చెయ్యి, అదే ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపి డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి, చూపించండి. సూది తీసినాక ఎంతసేపు నొక్కి పెడతారు? పది నిమిషాలా, సరే. మీకు ప్రతి డయాలసిస్‌లో హెపారిన్ ఇస్తారు, రక్తం గడ్డ కట్టకుండా. గుండెకి స్టెంట్ వేసుంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా ఉంటాయి. కొందరికి వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి ఉంటాయి, ఇవన్నీ రక్తం గడ్డ కట్టకుండా చూసే మందులే. రక్తం గడ్డ కట్టడానికి కావలసింది విటమిన్ కె, ఎక్కువ డోసు విటమిన్ ఈ దాని పనికి అడ్డం పడుతుంది, రక్తం పలచనయ్యే గుణాన్ని ఇంకా పెంచుతుంది. వీటన్నిటి మీద ఒక 400 క్యాప్సూల్ రోజూ పడిందనుకోండి, పది నిమిషాల్లో ఆగాల్సింది ఇరవై ముప్పై నిమిషాలైనా ఆగదు, పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం, దెబ్బ తగలకుండానే చర్మం కింద నల్లగా కమిలిన మచ్చలు. ఇట్లాంటిది కనపడితే స్టాఫ్ నర్సుకి చెప్పండి, చెప్పేటప్పుడు ఆ క్యాప్సూల్ సంగతి దాచొద్దు. మందులేం వాడుతున్నారు అని అడిగితే బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల చెప్తారు గానీ ఇది మందు కాదులే అని వదిలేస్తారు. అదే సమస్య.

అయితే ఆక్సిడేషన్ తగ్గించడానికి ఏమీ లేదా అంటే ఉంది, చాలా ఉంది, కాకపోతే అది స్ట్రిప్పులో దొరకదు. అన్నిటికన్నా ముందు నీళ్లు. మీరు తాగే నీళ్లు కాదు, మిషను తాగే నీళ్లు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటలకి 120 లీటర్లు. వారానికి మూడుసార్లు అంటే 360. అంత నీళ్లు మీ రక్తానికి ఒక పలచని పొర అవతల పారతా ఉంటాయి. మునిసిపాలిటీ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు, కొన్నిచోట్ల అది క్లోరమిన్ రూపంలో ఉంటుంది. మనం తాగితే ఏమీ కాదు, కడుపులో అయిపోతుంది. డయాలసిస్ నీళ్లలో మిగిలిపోతే నేరుగా రక్తంలోకి పోయి ఎర్ర కణాల్ని ఆక్సిడైజ్ చేసి పగలగొడుతుంది, ఏ విటమిన్ క్యాప్సూలూ దాన్ని ఆపలేదు. దాన్ని ఆపేది ఆర్‌వో ప్లాంటు ముందుండే కార్బన్ ట్యాంకు. పొద్దున ఫస్టు షిఫ్టు ముందర టెక్నీషియన్ ఒక చిన్న గాజు సీసాలో ఆ ట్యాంకు దాటిన నీళ్లు పట్టి పొడి వేసి ఊపుతాడు, గులాబీ రంగు తిరగకూడదు, తిరిగితే ఆ రోజు మిషన్లు ఆన్ చేయకూడదు. ఆ అబ్బాయి చేసే పని ఎవరికీ కనపడదు, జీతం కూడా అంతంతమాత్రమే. నన్నడిగితే డయాలసిస్ సెంటర్లో అతి పెద్ద యాంటీఆక్సిడెంట్ ఆ పిల్లోడే. (నవ్వులు) నవ్వుతారు గానీ నిజం. నీళ్లలో చచ్చిన బ్యాక్టీరియా ముక్కలు, ఎండోటాక్సిన్ అంటాం, అవి ఉన్నా తెల్ల కణాలు రెచ్చిపోతాయి. మీ సెంటర్లో నీళ్ల టెస్టు ఎప్పుడు చేసినారు, రిజిస్టర్ ఉందా అని మర్యాదగా అడగండి. ఉచితంగా చేస్తా ఉన్నారు కదా ఎట్లా అడిగేది అనుకోవద్దు, ప్రభుత్వ పథకం డబ్బు కూడా డబ్బే.

తర్వాత మెడలో క్యాథెటర్, అదే డయాలసిస్ కోసం పెట్టే గొట్టం. ఏదో రెండు నెలలకి అని పెట్టించుకుని ఏడాదైనా ఫిస్టులా ఆపరేషన్ వాయిదా వేస్తా ఉంటారు. ఆ గొట్టం చుట్టూ ఇన్‌ఫెక్షన్ రగులుతా ఉంటే లోపల ఆక్సిడేషన్ తగ్గేదెట్లా. బీడీ, సిగరెట్ సంగతి నేను చెప్పను, మీ ఇంట్లోవాళ్లు చెప్తానే ఉంటారు.

ఐరన్ ఇంజెక్షన్ గురించి ఒక భయం తిరగతా ఉంది, దాన్ని ఇక్కడే తీర్చేద్దాం. ఐరన్ ఆక్సిడేషన్ పెంచుతుంది అనేది నిజం, బయోకెమిస్ట్రీ పుస్తకంలో మొదటి పాఠాల్లోనే ఉంటుంది. ఐరన్ ఎక్కించే ముందు విటమిన్ ఈ ఇస్తే ఆ గుర్తులు తగ్గినట్టు కూడా చిన్న పరిశోధన ఒకటుంది. దాన్ని పట్టుకుని కొందరు ఐరన్ వద్దు సార్ అంటా ఉన్నారు. 2019లో బ్రిటన్‌లో పివోటల్ అని 2,141 మంది డయాలసిస్ పేషెంట్లతో చూసినారు, సగం మందికి ఐరన్ ధారాళంగా, ఒక హద్దు పెట్టుకుని నెలనెలా ఇచ్చినారు, సగం మందికి బాగా తగ్గినప్పుడే ఇచ్చినారు. ధారాళంగా ఇచ్చినోళ్లకే గుండెపోట్లు, మరణాలు కలిపి తక్కువ. టెస్టు ట్యూబులో చెడ్డదిగా కనపడింది మనిషిలో మేలు చేసింది. టెస్టు ట్యూబులో మంచిదిగా కనపడిన విటమిన్ ఈ మనిషిలో అంత చేయలా. నా సబ్జెక్టు మీద నాకున్న గౌరవం కొద్దీ చెప్తా ఉన్నా, టెస్టు ట్యూబు మాట వింటే చాలదు.

(ఒకామె: సార్, మరి తిండిలో తీసుకోవచ్చా? చెనక్కాయల్లో ఉందంటిరి కదా.)

బాగా అడిగినావమ్మా. మామూలు మనిషికి రోజుకి 15 మిల్లీగ్రాములు చాలు అంటారు, మీ క్యాప్సూల్ 400. వంద గ్రాముల చెనక్కాయ పప్పులో ఎనిమిది మిల్లీగ్రాములు ఉంటుంది గానీ దాంతోపాటు పొటాషియం 700, భాస్వరం 370 మిల్లీగ్రాములకి పైన వస్తాయి. అందుకే మీ డైటీషియన్ ఊరుబిండి, అదే చెనక్కాయల పచ్చడి, తగ్గించమంటుంది, సంగటిలోకి అది లేకుంటే ముద్ద దిగదని నాకూ తెలుసు, వారానికోసారి కొంచెం నంజుకోవడం గురించి ఆమెనే అడగండి. దీనికి దారి నూనెలో ఉంది. నూనెలో పొటాషియం ఉండదు, భాస్వరం ఉండదు, విటమిన్ ఈ మాత్రం ఉంటుంది. ఒక పెద్ద స్పూను సన్‌ఫ్లవర్ నూనెలో ఐదారు మిల్లీగ్రాములు, చెనక్కాయ నూనెలో రెండు దాకా. ఇంట్లో తాలింపుకీ కూరకీ వాడే నూనెతోనే చాలావరకు వచ్చేస్తుంది, దానికోసం ఎక్కువ పోయాల్సిన పని లేదు. బజ్జీలు వేసిన నూనెని మళ్లీ మళ్లీ మరిగిస్తే మాత్రం దాంట్లో విటమిన్ ఈ ఖర్చయిపోయి ఆ చెడిన పదార్థాలే మిగులుతాయి, ఆ నూనె పారేయండి. ఇక బాదం తినమని బంధువులు తెచ్చిస్తారు, విటమిన్ ఈ ఉంది నిజమే, పొటాషియం కూడా చెనక్కాయల్లో ఉన్నంత ఉంది. తోతాపురి సీజన్లో మామిడిపండు సంగతి అడగొద్దు, అది ఇంకో మీటింగు పెట్టాల్సిన విషయం.

మొహానికి రాసుకోవచ్చా అని చీటీ పంపించినారు ఎవరో. దురద పెట్టకపోతే రాసుకోండమ్మా, నేను మాట్లాడేది మింగేదాని గురించి.

ఇంకో చీటీ, ఇది మంచి ప్రశ్న. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, అందుకే మా డాక్టర్ విటమిన్ ఈ రాసినారు, ఆపేయాలా అని. ఆపొద్దు. దీనికి ఒక ఆధారం ఉంది. 2001లో ఇరాన్ వాళ్లు 60 మంది డయాలసిస్ పేషెంట్లకి ఎనిమిది వారాలు ఇచ్చి చూసినారు, కొందరికి విటమిన్ ఈ 400, కొందరికి సి 250, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తిది. విటమిన్ ఈ ఒక్కటే వేసుకున్నోళ్లకి పట్టేయడం సగానికి పైన తగ్గింది, రెండూ కలిపి వేసుకున్నోళ్లకి దాదాపు పోయింది. చిన్న పరిశోధన, కొద్ది రోజులది, అయినా ఆ నొప్పి పడేవాళ్లకి ఎనిమిది వారాలు ప్రయత్నించి చూడటంలో తప్పు లేదు, డాక్టర్ చూస్తా ఉన్నప్పుడు. ఎనిమిది వారాలకి రాస్తే ఎనిమిది వారాలకే, ఆ తర్వాత పాత చీటీ చూపించి షాపులో తెచ్చుకుంటా పోవద్దు. దానికన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది, రెండు డయాలసిస్‌ల మధ్య ఎన్ని కేజీలు పెరుగుతా ఉన్నారు? మూడు నాలుగు కేజీల నీళ్లు నాలుగు గంటల్లో లాగితే ఎవరికైనా పిక్కలు పడతాయి. మీ డ్రై వెయిట్, అంటే ఎక్కువైన నీళ్లన్నీ తీసేసినాక ఉండాల్సిన బరువు, సరిగ్గా ఉందా, ఈ మధ్య కాస్త ఒళ్లు చేసి ఉంటే పాత వెయిట్ దాకా లాగుతా ఉన్నారేమో. అదిగో, కిడ్నీ డాక్టర్ గారే వచ్చినారు, డ్రై వెయిట్ గురించి నన్ను కాదు, ఆయన్నే పట్టుకోండి. మైకు ఇస్తా ఉన్నా.